నాన్న స్విస్ వాచీ

అనంతగిరి ఘాట్‌లో దయ్యం కనబడిందని ఎవరైనా చెబితే "ఎంత తాగావు?" అని అడిగే రకం నేను. నర్సుని. నైట్ డ్యూటీలు ఎన్నో చేశాను, ఏ దయ్యమూ నా జోలికి రాలేదు.

నేను ఇంటర్లో ఉండగా, పనుందని డొంకరాయి వెళ్లిన నాన్న తిరిగి రాలేదు. ఎంత వెతికినా ఆచూకీ దొరకలేదు. బెల్టు తెగిందని ఆ రోజు చేతివాచీ ఇంట్లోనే వదిలి వెళ్లాడు. అది స్విస్ వాచీ అని ఆయన గొప్పలు పోతుంటే మేం నవ్వేవాళ్లం. అమ్మ దాన్ని ట్రంకుపెట్టెలో దాచింది.

ఇన్నేళ్లయినా నాన్నకి చర్చివాళ్లతో జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక పెట్టనివ్వలేదు అమ్మ. అడిగినప్పుడల్లా పెట్టె తెరిచి వాచీ చూపించేది.

"ఆడతంది సూడు. ఉన్నోడికి కూడికేటే?"

సంతకెళ్లినప్పుడు సెల్లు మార్పిస్తోంది కాబోలు అనుకుని నేను పట్టించుకోలేదు.

ఈ ఏడాది పోరు పెట్టి ఒప్పించాను. కూడికలో నాన్న గురించి మాట్లాడేటప్పుడు వాచీ సంగతీ చెబుదామనిపించింది. అసలుదో నకిలీదో తేల్చుకుందామని విశాఖపట్నంలో పాత వాచీలు బాగుచేసే షాపుకి తీసుకెళ్లాను.

షాపాయన వెనక మూత తీసి, లోపలి గుర్తూ నంబరూ భూతద్దంతో చూశాడు. అసలైన స్విస్సే, డెబ్బైలలో తయారై ఉంటుందన్నాడు. నాన్న చెప్పింది నిజమేనని తెలిసి నాకు ఏడుపొచ్చింది. కొత్త సెల్లు వెయ్యమన్నాను.

"దీనికి సెల్లుండదమ్మా. ఆటోమేటిక్. చేతికుంటేనే ఆడుద్ది. తీసి పక్కన పెడితే రెండ్రోజుల్లో ఆగిపోద్ది."

నమ్మలేక అక్కడే వదిలేసి వచ్చాను. వారం పోయాక వెళ్తే నిజంగానే ఆగి ఉంది. బస్సు కుదుపులకి కాస్త కదిలినా, ఇల్లు చేరాక మళ్లీ ఆగింది. ఆగాకే పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా పర్సులోనే ఉంది.

విషయమంతా అమ్మకి చెప్పాను.

"సేతికుంటేనే ఆడితే, మరిన్నాళ్లూ ఎవుల సేతికుందే?"

కూడికకి ముందు రోజు పొద్దున్న పెట్టె తెరిచాను. నేను ముట్టుకోకముందే సెకన్ల ముల్లు తిరుగుతోంది. తేదీ గడిలో ఆ రోజు తేదీయే ఉంది. అమ్మ పెరట్లో మిరియాలు ఆరబోస్తోంది.

మా ఇంటి కింద లోయలో రైలు పోతే ఆ అదురుకి ఆడిందేమోనని షాపాయనకి ఫోన్ చేశాను. అలా ఆడదన్నాడు. తేదీ సంగతి చెబితే, ఆగిన వాచీకి తేదీ చేత్తో తిప్పి పెట్టాల్సిందేనన్నాడు.

పోయిన మనిషైతే వాచీ ఎలా పెట్టుకుంటాడు? బతికే ఉంటే మా పెట్టెలోది ఎలా పెట్టుకుంటాడు?

పాస్టరుగారికి ఫోన్ చేసి కూడిక వద్దన్నాను. ఎందుకమ్మా, మీ అమ్మగారు మళ్లీ కాదన్నారా అని అడిగారు.

అమ్మ కాదండీ, నేనే వద్దంటున్నాను అన్నాను. ఎందుకో ఆయనకీ చెప్పలేకపోయాను, మీకూ చెప్పలేను.