జేబులో మిగిలిపోయిన చైన్ క్లిప్పు

దెయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. రాజోలులో ముప్పై ఏళ్లుగా మోటారు సైకిళ్లు బాగుచేస్తున్నాను. బండి ఉన్నట్టుండి ఆగిపోతే ప్లగ్గు చూస్తాను, పెట్రోలు చూస్తాను, అంతేగానీ నిమ్మకాయ కట్టను. కట్టమన్నవాళ్లను ఏడిపించిన రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు చెప్పబోయేదాంట్లోనూ దెయ్యం లేదు. ఉన్నదల్లా నేను చేసిన ఒక తప్పు, దాని మీద ఆడిన ఒక అబద్ధం, మధ్యలో నాకు ఇప్పటికీ అర్థంకాని ఒక మధ్యాహ్నం.

తొంభైల చివర్లో సంగతి. మా కొట్టు రోడ్డు మీదే ఉండేది, వెనక రెండు గదుల్లో మా కాపురం. రత్నం మాస్టారని హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. నాకూ చెప్పారు. నాకు రాలేదు, అది వేరే విషయం. ఒక శనివారం పొద్దున్నే ఆయన బండి తెచ్చారు. చైను సాగిపోయి కవరుకి కొట్టుకుంటోంది, చైను తిప్పే స్ప్రాకెట్ చక్రాల పళ్లు అరిగి కొక్కేల్లా వంగిపోయాయి. చైనూ, ముందూ వెనకా స్ప్రాకెట్లూ అన్నీ మార్చేయమన్నారు. మధ్యాహ్నం భార్య సుగుణమ్మగారిని ఎక్కించుకుని సఖినేటిపల్లి రేవుకి వెళ్లి, అక్కడ బళ్లనూ మనుషుల్నీ దాటించే పంటు మీద గోదావరి దాటి నర్సాపురంలో వాళ్ల మరదలింటికి ప్రార్థనకు వెళ్లాలట.

చైను రెండు కొసలనూ కలిపేది లాకు. అందులో మూడు ముక్కలు: రెండు పిన్నులున్న ముక్క, దాని మీద వేసే రేకు, ఆ రేకు జారిపోకుండా పట్టుకునే చిన్న క్లిప్పు. చింతగింజంత ఉంటుంది, కానీ చైనంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. నాకు పని నేర్పిన గురువుగారు ఆ క్లిప్పును ఎప్పుడూ పెదాల మధ్య పెట్టుకోమనేవారు. పళ్లెంలో పెడితే మర్చిపోతావు, నోట్లో ఉంటే మర్చిపోవడం నీ తరం కాదు అనేవారు. నేను అలాగే చేసేవాణ్ణి.

ఆ రోజు మాస్టారు స్టూలు మీద కూర్చుని ఒకటే కబుర్లు. మా పిల్లాడు ఏ తరగతి, ఎక్కాలు వచ్చా, తండ్రిలాగే లెక్కల్లో మొద్దా అని. నోట్లో ఏదో పెట్టుకుని పెద్దవాళ్లకు ‘ఊఁ’ అని మూలిగితే మా వైపు పొగరంటారు. అందులోనూ చదువు చెప్పిన మనిషి. ప్రతి మాటకూ ‘ఆయ్ అండి’ అనాల్సిందే. అందుకని క్లిప్పు తీసి చొక్కా జేబులో వేసుకుని, ‘ఆయ్ అండి, ఆయ్ అండి’ అంటూ పని పూర్తిచేసి కవరు బిగించేశాను. ఆ బళ్లకు చైనంతా కవరు లోపలే ఉంటుంది. మేమేం చేశామో పైకి కనబడదు.

పన్నెండున్నరకు వాళ్లు బయల్దేరారు. పది నిమిషాలకు నేను భోజనానికి లేచి, చెయ్యి తుడుచుకుందామని జేబులో రుమాలు తీస్తుంటే క్లిప్పు వేలికి తగిలింది.

క్లిప్పు లేకపోతే రేకు మెల్లగా జరుగుతుంది, ఎక్కడో ఒకచోట చైను ఊడుతుంది. రోడ్డు మీద ఊడి చక్రంలో చిక్కుకుంటే ఇద్దరూ పడతారు. పంటు ఎక్కడానికి వేసిన ఏటవాలు బల్లల మీద ఊడిందంటే బండితో సహా గోదావరిలోకే.

నేను వెళ్లి ఉండొచ్చు. నా మోపెడ్ విప్పదీసి ఉంది, నిజమే. కానీ బాగుచేసిన బళ్లు రెండు కొట్లో ఉన్నాయి, తాళాలు మేకుకి వేలాడుతున్నాయి. వెళ్లలేదు. వెళ్తే రేవులో పదిమంది ముందు కవరు విప్పాలి, ‘మర్చిపోయేనండి’ అనాలి. రాజోలులో నా అంత పనివాడు లేడని అప్పుడప్పుడే పేరొస్తోంది. సాయంత్రానికల్లా ఊరంతా నవ్వుతుంది. కొత్త చైను బిగుతుగా ఉంటుందిలే, వచ్చేదాకా ఆగుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

లోపలికెళ్లి భోంచేశాను. చింతచిగురు రొయ్యలు, రెండోసారి కూడా వడ్డించుకున్నాను. ఆ తర్వాత పడుకున్నాను. నిద్ర పట్టలేదని రాయాలని ఉంది. కానీ పట్టింది. మా ఆవిడ మంచం పక్కనే కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటోంది, మూడింటికి తనే లేపింది. మధ్యలో లేవలేదు కదా అని తర్వాత ఎన్నోసార్లు అడిగాను. గురక కూడా పెట్టేరంది.

అయిదున్నరకు మాస్టారి బండి వచ్చి కొట్టు ముందాగింది. ఇద్దరూ క్షేమంగా ఉన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

“ఏవయ్యా శ్రీనివాసూ, టీ తాగి వెళ్లమంటే అలా వెళ్లిపోయేవేంటి?” అన్నారు మాస్టారు.

నాకేమీ అర్థం కాలేదు. ఆయన కొట్లో ఉన్నవాళ్లందరికీ వినబడేలా చెప్పుకుంటూ పోయారు. పంటు ఎక్కబోతుంటే నేను వెనకనుంచి పిలిచానట. ఎలా వచ్చానో వాళ్లు చూడలేదు. బండి పక్కకు తీయించి, కవరు విప్పి, క్లిప్పు వేసి, మళ్లీ బిగించానట. పనయ్యేదాకా పెదాల మధ్య క్లిప్పు పెట్టుకుని, ఏమడిగినా తలూపానే తప్ప మాట్లాడలేదట. ఇదే చొక్కా. బొటనవేలికి ఇదే గుడ్డపీలిక. అది ఆ పొద్దున వాళ్ల స్ప్రాకెట్ విప్పుతుంటే తెగిన వేలే.

“తప్పు ఎవరైనా చేస్తారయ్యా. దిద్దుకోడానికి అంతదూరం వచ్చేవాడేడీ?” అన్నారు. తర్వాత ఎందుకో కళ్లు చికిలించి, “ఇప్పుడు చెప్పు. నువ్వు వచ్చేవా, రాలేదా?” అని అడిగారు.

కొట్లో నలుగురున్నారు. అందరూ నా వైపే చూస్తున్నారు. క్లిప్పు ఇంకా నా జేబులోనే ఉంది.

“ఆయ్, వచ్చేనండి,” అన్నాను.

మాస్టారు పగలబడి నవ్వి నా భుజం తట్టారు. అంత నవ్వు ఎందుకో అప్పుడు తెలియలేదు. సుగుణమ్మగారు మాత్రం నవ్వలేదు, నన్నే చూస్తూ నిలబడ్డారు.

మర్నాడు చైను సరిచూస్తానని వంకపెట్టి కవరు విప్పాను. లాకు మీద క్లిప్పు ఉంది. మూసిన కొస చైను తిరిగే వైపుకి, మా గురువుగారు నేర్పినట్టే. కొత్త లాకుతో ఒక్క క్లిప్పే వస్తుంది. ఆ ఒక్కటీ అప్పటికి మా ఇంట్లో పౌడరు డబ్బాలో ఉంది.

రేవులో నాలా ఉన్నవాడెవడైనా ఉన్నాడేమో అనుకున్నాను. రెండుసార్లు వెళ్లి వాకబు చేశాను. టికెట్లు ఇచ్చే మనిషి నన్ను చూడగానే, ఆ వేళ మీరే కదండీ బండి బాగుచేసింది అన్నాడు. ఇక అడగడం మానేశాను.

తర్వాత పదేళ్లపాటు మాస్టారు ఈ కథను చర్చిలో చెప్పారు, బడిలో చెప్పారు, పెళ్లిళ్లలో చెప్పారు. దూరాల నుంచి బళ్లు నా దగ్గరికి రావడం మొదలైంది. ఏటా వాళ్ల పెరట్లో మొదటి పనసపండు మా ఇంటికే వచ్చేది. మా ఆవిడా పిల్లాడూ తినేవారు. నేను ముట్టుకునేవాణ్ణి కాదు. రేపు చెప్పేద్దాం, ఈసారి చెప్పేద్దాం అనుకుంటూనే, ఎవరు అడిగినా ‘అదెంతండి’ అనేవాణ్ణి. సిగ్గనిపించేది. అయినా అనేవాణ్ణి.

మాస్టారు షుగరుతో పోయారు. కొన్ని నెలలకు సుగుణమ్మగారు కబురు పెట్టారు. బండి ఆవిడ మేనల్లుడికి ఇస్తున్నారట, చైనూ స్ప్రాకెట్లూ మళ్లీ అరిగిపోయాయి, మార్చిపెట్టమన్నారు. వాళ్ల వాకిట్లోనే కూర్చుని పని మొదలుపెట్టాను. పాత లాకు విప్పాను. ఇక ఆగలేక, వెంట తెచ్చుకున్న పౌడరు డబ్బాలోంచి క్లిప్పు తీసి ఆవిడ ముందు అరుగు మీద పెట్టాను.

“అమ్మగారూ, ఆ రోజు వచ్చింది నేను కాదండి. నాకు తెలిసి కూడా రాలేదండి. తిని పడుకున్నానండి,” అన్నాను.

తిడతారనుకున్నాను. ఆవిడ క్లిప్పును చేతిలోకి తీసుకున్నారు.

“ఆ మాట ఆ రోజే చెప్పేరు కదండీ,” అన్నారు నెమ్మదిగా.

“ఎవరండీ?”

“మీరేనండి. రేవులో పనయ్యేక ఒక్క మాటే మాట్లాడేరు. ‘సాయంత్రం కొట్లో అడిగితే రాలేదనే చెబుతానండి. అబద్ధమనుకోకండి, అదే నిజం’ అన్నారు. మాస్టారుగారు అది మీ వినయమనుకున్నారు. అందుకే వచ్చేవా, రాలేదా అని పట్టుకుని అడిగేరు. మీరు వచ్చేనన్నారు. ఆయన నవ్వేసేరు. నాకు మాత్రం ఆ వేళ నుంచీ అనుమానమేనండి.”

ఆవిడ క్లిప్పు నా చేతికిచ్చి, పని కానివ్వమన్నారు. కొత్త చైనుకి దాన్నే వేశాను. అంతసేపూ అది పెదాల మధ్యే పెట్టుకున్నాను, అసలు మాట్లాడలేదు.

రేవుకి వచ్చిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత ఆలోచించినా లెక్క తేలదు. అతనికి నా పని తెలుసు, నా చొక్కా తెలుసు, నా తప్పూ తెలుసు. ఒక్కచోటే పొరబడ్డాడు. నేను నిజం చెబుతాననుకున్నాడు.