పంపు దగ్గర నిలబడ్డ డ్రైవరు

నకరికల్లు పొలంలో పత్తికట్టె వాము అంటుకున్న మధ్యాహ్నం, దానికి ఇరవై అడుగుల దూరంలోనే నా మిర్చి రాశి ఆరుతోంది. అది నా ఏడాది పంట.

ఫోను చేస్తే వచ్చిన ఫైరింజను మీద నాలుగున్నర వేల లీటర్లని రాసి ఉంది. నిమిషానికి నాలుగున్నర వందలు పోతే పది నిమిషాలు. చాలవనుకున్నాను.

ఇద్దరు పైపు పట్టుకుని పరిగెత్తారు. డ్రైవరు మాత్రం బండి వెనక పంపు దగ్గరే నిలబడి మీటరు చూస్తున్నాడు.

"ఏందయ్యా, ఆడ తగలబడతంటే ఈడ నిలబడ్డావు? నా రాశి తడుపు!"

"తడిస్తే మిర్చి రంగుపోయి తాలైపోద్ది బాబాయ్. మధ్యలో నేల తడిపిస్తన్నా. నేను కదిలితే ఆడ పైపులో నీళ్ళుండవు. నువ్వు బోరు ఆన్ చేసి పైపు మా ట్యాంకులో పడెయ్యి."

పరిగెత్తి వేశాను. అతను ఇంజను వేగం తగ్గించి, నీళ్ళను సగానికి దించాడు. ఇరవై నిమిషాలు దాటినా ట్యాంకు ఖాళీ కాలేదు. వాము బూడిదైంది. రాశి పొడిగా మిగిలింది.

"ఈ లెక్క ఎక్కడ నేర్చావయ్యా?" అన్నాను.

"ట్రైనింగులో స్టీరింగు కన్నా ముందు ఇదే నేర్పారు."

సొంతంగా లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. నా భాగహారం తప్పలేదు. నీళ్ళు పోయే వేగం పంపు దగ్గరి మనిషి చేతిలో ఉంటుందని మాత్రం నాకు తట్టలేదు.