ఎడమ కనుబొమ మీది గీత

2023 ఆగస్టు. దమ్మామ్‌లో ఆ నెల గాలి తడిబట్టలా ఒంటికి అంటుకుంటుంది. లోపలి ఏసీ చలికి మా స్టూడియో అద్దం తలుపు బయటివైపు మసకబారుతుంది. రోడ్డు మీద కార్లు, ఎదుటి టీ కొట్టు, గొడుగేసుకుని నడిచే ఆడవాళ్లు, అన్నీ నీళ్లలో తేలుతున్నట్టు కనిపిస్తాయి. పని లేనప్పుడు నేను స్టూలు మీద కూర్చుని ఆ మసక అద్దంలోంచి వీధిని చూస్తూ, ఇది దమ్మామ్ కాదు, ఇంకేదో ఊరు అనుకుంటూ ఉంటాను.

నా పేరు ముంతాజ్. మాది ప్రొద్దుటూరు. మా ఆయన పోర్టులో క్రేన్ మెకానిక్. నేను అప్పటికే తొమ్మిదేళ్లుగా ఒక ఫొటో స్టూడియోలో లేడీస్ సెక్షన్ చూసుకుంటున్నాను. మగవాళ్లకు ముందు గది, మాకు పక్క వీధిలో వేరే గుమ్మం. మా గదిలోకి యజమాని కూడా తలుపు కొట్టకుండా రాడు. ఇక్కడి ఆడవాళ్లు బుర్ఖా తీసి కెమెరా ముందు కూర్చోవాలంటే ఆ మాత్రం నమ్మకం కావాలి.

నమ్మకం కోసమే మాకొక కట్టుబాటు ఉంది. ఫొటోలు ప్రింటయ్యాక, మనిషి ఎదురుగానే కంప్యూటర్లోంచీ కెమెరా కార్డులోంచీ అన్నీ తుడిచేస్తాం. ఆమె కళ్లారా చూశాకే లేచి వెళ్తుంది. ఇన్నేళ్లలో నేను ఒక్క ముఖాన్ని కూడా దాచుకోలేదు.

ఇంకొకటి కట్టుబాటు కాదు, అలవాటు. దాన్ని రీటచ్ అంటాం. అంటే తీసిన ఫొటోను కంప్యూటర్లో సర్దడం. మొటిమలు, కళ్ల కింద నలుపు, మచ్చలు తీసేసి, రంగు ఒక వన్నె పెంచడం. ఎవరూ అడగరు, మేమూ చెప్పం. టీలో చక్కెర లాంటిదది, ఉంటుందంతే. సర్దకముందు ఉండే ఫొటోను రా ఫైల్ అంటాం. దాన్ని ఎవరికీ చూపించం. ఈ పనిలో నా చేతికి పేరుంది. చెప్పుకోకూడదు గానీ, నా చేతిలో పడితే మా అత్త కూడా పెళ్లికూతురే.

ఆ ఆగస్టులో ఒక మధ్యాహ్నం రజియా, ఆమె కూతురు హఫ్సా వచ్చారు. వాళ్లది రాయచోటి. హఫ్సా వాళ్ల నాన్న ధహ్రాన్‌లో ఏసీ టెక్నీషియన్. పిల్ల పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ మూడో ఏడాది పూర్తి చేసింది. ఎక్స్ఛేంజ్ కింద, అంటే పేరు ఇక్కడి కాలేజీలోనే ఉంచి ఒక ఏడాది వేరే దేశంలో చదివే పద్ధతి కింద, జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో సీటొచ్చింది. అక్టోబరులో క్లాసులు. వీసా అపాయింట్‌మెంట్ కోసం రెండు నెలలు ఎదురుచూస్తే, అప్పటికి ఆరు రోజుల తర్వాత రియాద్‌లో దొరికింది. అది తప్పితే తర్వాతిది నవంబరులోనే. అప్పటికి సీటు వెయిటింగ్‌లో ఉన్న ఇంకొకరికి వెళ్లిపోతుంది. అమ్మాయి ఫైలు చూపించింది. సీటు కాగితం, ఇన్సూరెన్సు, హాస్టల్ గది, తిరిగి సౌదీ రావడానికి నాన్న తీయించిన ఎగ్జిట్ రీ-ఎంట్రీ పర్మిట్, అన్నీ వరుసగా ఉన్నాయి. ఒక్క ఫొటోయే తక్కువ.

బయోమెట్రిక్ ఫొటో అంటే మనిషిని మెషీను గుర్తుపట్టేలా తీసే ఫొటో. నెత్తిన స్కార్ఫ్ ఉండవచ్చు గానీ నుదురు నుంచి గడ్డం దాకా ముఖం కనబడాలి. నోరు మూసుకోవాలి, నవ్వకూడదు. ఆ నవ్వకూడదన్న దగ్గరే చిక్కొచ్చింది. హఫ్సా పెదాలు బిగించేది, నేను బటన్ నొక్కేలోపు కళ్లలోంచి నవ్వు బయటపడేది. ఆమె కళ్లకే నవ్వు ఆపుకోవడం రాదు. ఏం గుర్తొస్తాందమ్మా అని అడిగాను. ఊరు, అంది.

నాలుగు నెలలుగా రోజూ సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక ఫోన్లో లైప్‌జిగ్ మ్యాపు తెరిచి ఆ ఊళ్లో నడుస్తోందట. కళ్లు మూసుకుని నాకు దారి చెప్పడం మొదలుపెట్టింది. పెద్ద స్టేషను. బయటికి రాగానే ట్రామ్ పట్టాలు. ట్రామ్ ఎక్కి ఏడో స్టాపులో దిగితే ఎడమవైపు ఒక రొట్టెల దుకాణం, దాని పక్క సందులో కాలవ, కాలవ మీద ఇనుప వంతెన. వంతెన దాటాక రెండు వైపులా చెట్లు. ఆ చెట్ల చివర తన హాస్టలు, మూడో అంతస్తు, లోపలి వాకిలి వైపు కిటికీ.

"ఆడ వాన పడితే కాలేజీ మూయరంట ఖాలా," అంది నన్ను పిన్నిలా పిలుస్తూ, కళ్లు తెరవకుండానే. "అందరూ తడుస్తానే పోతారంట."

ఇక్కడ నాలుగు చినుకులు పడితే బడులకు సెలవు. వానలో బడికి పోవడం ఆ పిల్ల ఎరగదు. నేనా, ప్రొద్దుటూరు నుంచి దమ్మామ్ వచ్చాను, దమ్మామ్ నుంచి ప్రొద్దుటూరు పోతాను. మూడో ఊరు లేదు నాకు. అయినా ఆ అరగంట కెమెరా పట్టుకుని ఆమె వెంట ఆ వంతెన మీద నిలబడ్డాను. కింద నీళ్ల చప్పుడు వినిపించినట్టే ఉండింది. చివరికి ఆమె దారి చెప్పడం ఆపి, ఇంకా ఆ హాస్టల్ కిటికీ దగ్గరే ఉన్నట్టు కళ్లు తెరిచి ఊరికే చూసింది. అప్పుడు నొక్కాను. నా జీవితంలో నేను తీసిన మంచి ముఖాల్లో అదొకటి.

తర్వాత కంప్యూటర్ ముందు కూర్చున్నాను. హఫ్సా ఎడమ కనుబొమను రెండుగా చీలుస్తూ ఒక పాత గాయం గీత ఉంది, కణత దాకా. పాస్‌పోర్టు ఫొటోలోనూ ఉంది. మామూలుగా వీసా ఫొటోలకు చెయ్యి తక్కువ వాడతాను, అది నాకు తెలుసు. ఆ రోజు నా చెయ్యి నా మాట వినలేదు. ఇంత మంచి పిల్ల అంత దూరం పోతోంది, ఆ ఊరి వాళ్లు మొదటిసారి చూసేది ఈ ఫొటోనే కదా అనుకున్నాను. గీత తీసేశాను. వెంట్రుక వెంట్రుకా పేర్చి కనుబొమ కలిపాను. ఎవరికీ పెట్టనంత శ్రద్ధ పెట్టాను. ఎవరూ అడగలేదు. ముద్దొచ్చి చేశాను, అంతే.

ప్రింట్లు రజియా చేతికిచ్చాను. ఆమె చాలాసేపు చూసింది. బొటనవేలితో కనుబొమ మీద ఒకసారి రాసి, కవర్లో పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. హఫ్సా అప్పటికే ఫోన్లో తన ఊరికి వెళ్లిపోయి ఉంది. తల్లి చూస్తుండగా కంప్యూటరూ కార్డూ తుడిచేశాను.

ఆరో రోజు పొద్దున పదిన్నరకు ఫోను. రియాద్ నుంచి హఫ్సా. గొంతు చాలా నెమ్మదిగా ఉంది, అందుకే భయం వేసింది. వీసా కౌంటర్లో మనిషి పాస్‌పోర్టు చూసి, ఫొటో చూసి, ఆమెను చూసి, ఇది నువ్వేనా అని అడిగాడట. నేనే అంటే, ఈ ఫొటో తీసుకోలేను, పన్నెండు లోపల సరైనది తెస్తే ఈ రోజే తీసుకుంటాను, లేదంటే మళ్లీ అపాయింట్‌మెంటే అన్నాడట. ఫొటో ఆ పిల్ల చూడటం అదే మొదటిసారి. వినాయకుణ్ణి చేయబోతే కోతైందంటారే, అది నా విషయంలో తిరగబడింది. కోతిని కాదు, ఇంకొకరి కూతుర్ని తయారు చేసి పెట్టాను.

అక్కడే ఇంకో స్టూడియోలో తీయించుకోమ్మా అన్నాను. తీయించుకుందట. అదే ఇప్పుడు చేతిలో ఉందట.

"ఈయప్ప గూడా గీత తీసేసినాడు ఖాలా," అంది. "వద్దని చెప్పినా. ఫ్రీనే బాజీ, పర్వాలేదు అంటాండాడు."

పక్క నుంచి వాళ్ల నాన్న మాట వినిపించింది. ఆయనకు కోపం కూడా రావడం లేదు, ఆశ్చర్యంగా ఉంది. మా బిడ్డ మా బిడ్డే అని ఎవురికి చెప్పినా వినడంల్యా, అంటున్నాడు.

నా దగ్గర రా ఫైల్ ఉంటే ఒక్క నిమిషంలో పంపేదాన్ని. తొమ్మిదేళ్లు గొప్పగా చెప్పుకున్న నా కట్టుబాటు ఆ క్షణంలో నాకే అడ్డం పడింది. ఫోను ఆ స్టూడియో ఆయనకు ఇవ్వమన్నాను. పాకిస్తానీ భాయి, పెద్దమనిషి గొంతు. ఉర్దూలో మాట్లాడుకున్నాం. నేనూ ఈ పనే చేస్తాను భాయీసాబ్, తప్పు నాదే, ఆ పిల్ల ముఖం ఉన్నదున్నట్టు కావాలి అన్నాను. తన కంప్యూటర్ దానంతటదే ముఖాలు శుభ్రం చేస్తుందని, అలా యజమాని పెట్టి వెళ్లాడని, ఆపడం తనకు తెలియదని చెప్పాడు. ఆ తర్వాత అసలు మాట అన్నాడు. ముఖం అలాగే ఇస్తే నా కెమెరా మంచిది కాదంటారు బాజీ.

నేను ఆయనతో వాదించలేదు. ఆ మాట నేనే వంద సార్లు అనుకుని ఉంటాను. కంప్యూటర్ జోలికి పోవద్దని చెప్పాను. అమ్మాయిని మళ్లీ కూర్చోబెట్టి తీయండి, కెమెరా కార్డు నేరుగా ప్రింటర్లో పెట్టండి, కొలత పెట్టి చేత్తో కత్తిరించండి. తిట్లొస్తే నా నంబరు ఇవ్వండి. ఆయన ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత దూరంగా, బేటీ కూర్చో, అనడం వినిపించింది.

ఫోను కట్ అయింది. మధ్యాహ్నపు జొహర్ అజాన్ అయింది. మా వీధిలో కొట్లు మూసుకున్నాయి. నేనూ తలుపు గడియ పెట్టి, లైట్లు తీసేసి కూర్చున్నాను. అద్దం నిండా ఆవిరి. అవతల ఎవరో మసకగా నడుస్తున్నారు. ఆ పిల్ల చెప్పిన దారి మొదటి నుంచి మళ్లీ నడిచాను. స్టేషను, పట్టాలు, ఏడో స్టాపు, రొట్టెల దుకాణం. వంతెన దగ్గరికి వచ్చేసరికి కాలు ముందుకు పడలేదు. ఆ వంతెన అవతలికి ఆ పిల్ల పోలేకపోతే అడ్డం నిలబడ్డది నేనే. నమాజులో కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడటం లేదు, ఏడ్చాను.

పన్నెండుంబావుకు మెసేజీ వచ్చింది. తీసుకున్నారు ఖాలా, అని మాత్రమే ఉంది.

మూడు వారాలకు వీసా వచ్చింది. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు రజియా ఒక్కతే హుఫూఫ్ ఖర్జూరాల డబ్బా తీసుకుని వచ్చింది. హఫ్సాకు నాలుగేళ్లప్పుడు, వంటగదిలో తను తొందరలో విసురుగా వేసిన తలుపే పిల్ల కనుబొమకు తగిలిందని అప్పుడు చెప్పింది. పదహారేళ్లుగా ఆ గీత చూసినప్పుడల్లా ఆ తలుపు చప్పుడు వినిపిస్తుందట. నేనిచ్చిన ఫొటోలో మొదటిసారి అది వినిపించలేదట. అందుకే కూతురికి కూడా చూపించకుండా బ్యాగులో దాచుకుంది. తప్పు నా ఒక్కదానిదే అనుకున్నాను. ఆమె కూడా సగం పంచుకోవడానికి వచ్చింది.

బ్యాగులోంచి మిగిలిన కాపీలు తీసి బల్ల మీద పెట్టింది.

"వీటిని చించెయ్ ఆపా," అంది. "ఈ పిల్లకు నేను పాలియ్యలా, జరమొస్తే మేలుకోలా. ఈ పిల్ల ఎవురో నాకు తెలియదు."

ఇద్దరం కూర్చుని చించాం. నాలుగు రోజులకు హఫ్సా విమానం ఎక్కింది. ఏడాది చదివి, వానలో తడిసి, తిరిగి వచ్చింది కూడా.

ఈ పనిలో ఇన్నేళ్లూ నేను ముఖాలు బాగు చేస్తున్నాననుకున్నాను. ఒక ముఖంలో దేన్ని తప్పుగా ఎంచాలో, దేన్ని ఉంచాలో నాకెలా తెలుస్తుంది? తెలియదు. ఆ ఫొటో నాకు నేర్పింది అదే. ఇప్పుడు రీటచ్ మానలేదు, మానితే యజమాని ఊరుకోడు, వచ్చేవాళ్లూ ఊరుకోరు. కాకపోతే మౌస్ పట్టుకునే ముందు ప్రతి మనిషినీ ఒక మాట అడుగుతాను. ముఖంలో నేను ముట్టుకోకూడనిది ఏమన్నా ఉందా అని. ఏమీ లేదు, అంతా శుభ్రం చెయ్ అని నవ్వేవాళ్లే ఎక్కువ. కొందరు మాత్రం నవ్వరు. వాళ్ల చెయ్యి చెంప మీదికో, గడ్డం మీదికో, చెవి వెనక్కో వెళ్లి అక్కడే కాసేపు ఆగుతుంది. అదేమిటని నేను అడగను. అక్కడ ముట్టుకోను.