అంచు పోగులకు వేలాడిన మెడల్

పోయిన వారం మా మనవరాలు నన్ను వీధి చివరి ఆన్‌లైన్ సెంటరుకు తీసుకుపోయింది. ఇల్లు మారి మూడేళ్ళయినా నా కార్డులో పాత ఇంటి నంబరే ఉందని, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడని దాని గోల. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి నా బొటనవేలు ఒక గాజు పలక మీద పెట్టించుకుని, రెండు ప్రశ్నలు అడిగి, నేను కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకునే లోపల కొత్త కాగితం తీసి చేతిలో పెట్టింది. అంతేనా అంటే అంతే అంది. నాకు సంతోషం కావలసింది పోయి, ఏదో తెలియని ఉక్రోషం కలిగింది. ఒక పుస్తకంలో ఒక్క వాక్యం రాయించడానికి మా ఇంట్లో రెండున్నర ఏళ్ళు పట్టిన సంగతి ఆ అమ్మాయికి చెబితే నమ్మదు, మా మనవరాలికి చెబితే నవ్వుతుంది. కార్బన్ కాగితాలు, రిజిస్టర్డ్ కవర్లు, పోస్ట్‌మ్యాన్ సైకిల్ బెల్లు తెలిసిన నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

మాది మెట్‌పల్లిలో నేత పని చేసే ఇల్లు. మా బాపు, ఆయన అన్న ఒకే కప్పు కింద రెండు మగ్గాలు వేసుకుని బతికారు. బాపు అన్నను నేను పెద్దబాపు అనేదాన్ని. ఆయన భార్య నాకు పెద్దవ్వ. వాళ్ళకు పిల్లలు లేరు కాబట్టి వాళ్ళ ముద్దు, వాళ్ళ చీవాట్లు రెండూ నా వాటాకే వచ్చాయి. పెద్దబాపు మీసాలు సరిగా రాకముందే ఇంట్లో చెప్పకుండా పోయి మిలిటరీలో చేరాడట. చేరిన కొన్నేళ్ళకు, ఆఫ్రికాలో ఒక దేశంలో కొట్లాటలు జరుగుతుంటే ఆపడానికి మన దేశం పంపిన శాంతిసేనలో ఆయన పటాలం కూడా ఓడ ఎక్కింది. అక్కడ ఏడాదికి పైగా ఉండి తిరిగి వచ్చి ఇంకా ఓడ కుదుపు వదలక ముందే, వాళ్ళ నాయన మంచం పట్టాడని తంతి అందింది. ఉన్న పళంగా ఇంటి కారణాల మీద నౌకరీ వదులుకుని వచ్చేశాడు. ఆయన ముందు వచ్చాడు, సముద్రం అవతల చేసిన నౌకరీ కాగితాలు ఆయన వెనక ఎక్కడో దారిలో ఉండిపోయాయి. డిశ్చార్జి పుస్తకం రాసిన గుమాస్తా తన చేతిలో ఉన్న కాగితాలు చూసి మూసేశాడు. పెద్దబాపు ఇంగ్లీషు అక్షరం ముక్క రాకున్నా చూపించిన చోటల్లా సంతకం చేశాడు.

ఆయనకు రెండు మెడళ్ళు వచ్చాయి. ఒకటి అక్కడే చేతికి ఇచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు తుఫానులో ఓడ ఊగుతుంటే, క్షేమంగా ఇల్లు చేరితే నీ దగ్గరికి వస్తానని బాసర అమ్మవారికి మొక్కుకున్నాడట. వచ్చాక గోదావరిలో స్నానం చేసి, దగ్గర ఉన్న అన్నిటిలోకీ విలువైనది అదే అనిపించి, ఆ మెడల్ తీసి హుండీలో వేశాడు. రెండోది మన ప్రభుత్వం విదేశాల్లో నౌకరీ చేసిన జవాన్లకు ఇచ్చేది. అది చాలా కాలానికి పోస్టులో చిన్న అట్టపెట్టెలో ఇంటికి వచ్చింది. అప్పటికి పుస్తకం మూసి ఏళ్ళయింది.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు పంద్రాగస్టుకు మాజీ సైనికులంతా మెడళ్ళు పెట్టుకుని, పుస్తకాలు తీసుకుని రావాలని కబురు వచ్చింది. మా బడి మైదానంలోనే జెండా. పెద్దబాపు ఇస్త్రీ అంగీ తొడుక్కుని, ఆ మెడల్ పెట్టుకుని వరుసలో నిలబడితే, మా క్లాసు పిల్లలందరికీ వేలు పెట్టి చూపించిన గొప్ప నాది. ఎక్కడి నుంచో వచ్చిన అధికారి ఒక్కొక్కరి పుస్తకం తిప్పి చూస్తూ పెద్దబాపు దగ్గర ఆగాడు. ఇందులో సముద్రం దాటినట్టే లేదే, ఇది ఎవరిది, తీసెయ్ అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. కానీ మైదానంలో అందరికీ వినపడింది. పెద్దబాపు మెడల్ విప్పి జేబులో వేసుకుని, జెండా పాట అయ్యేదాకా అటెన్షన్‌లోనే నిలబడ్డాడు.

ఇంటికి వచ్చి అన్నం తినలేదు. మగ్గం గుంటలో దిగి, వెనక అంచు పోగులు వదులు కాకుండా వేలాడదీసే చిన్న రాయిని విప్పేసి, దాని స్థానంలో ఆ మెడల్ కట్టాడు. ఆ రోజు నుంచి అది మా ఇంట్లో మగ్గం సామాను. ఊళ్ళో కొందరు ఆయన్ను సముద్రం సాబ్ అని పిలిచి నవ్వుకునేవాళ్ళు. అంతకు ముందు ఓడ ముచ్చట్లు అడిగినా అడగకపోయినా చెప్పే మనిషి, తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

నేను టైపు పాసై కరీంనగర్‌లో ఒక ఆఫీసులో చేరేసరికి పదకొండేళ్ళు గడిచాయి. ఆ రోజుల్లో ఆడపిల్ల టైపిస్టు అంటే పక్క సెక్షన్ల వాళ్ళు కూడా ఏదో పని పెట్టుకుని వచ్చి చూసి పోయేవాళ్ళు. నాకూ కొంచెం టెక్కు ఉండేది, లేదనను. మా ఆఫీసుకు వచ్చే ఒక మాజీ సైనికుడి అర్జీ టైపు చేస్తుంటే, డిశ్చార్జి పుస్తకంలో తప్పులుంటే రుజువులతో రికార్డు ఆఫీసుకు రాసి దిద్దించుకోవచ్చని తెలిసింది. ఆ శనివారమే బస్సెక్కి మెట్‌పల్లి పోయి పెద్దబాపుకు చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకుంటే ఆయన నాడె ఆడిస్తూనే ఉన్నాడు. నాడెలో నూలు అయిపోయాకే మగ్గం ఆపాడు.

"నాకు గా మెడల్ గొప్పలు వద్దు బిడ్డా. నేను అబద్ధం చెప్పలేదని గా పుస్తకంల ఒక్క మాట రాయించు. గంతే చాలు."

ఆ మాట విన్న తర్వాత అది నాకు అర్జీలా కాక మొక్కులా అయింది. ఆఫీసు వేళ అయ్యాక మా సూపరింటెండెంటు అనుమతితో మూడు కాపీలు కొట్టి పంపాను. ఐదు నెలలకు జవాబు వచ్చింది. మెడల్ చుట్టూ అంచు మీద సైనికుడి నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయట. దాన్ని చూసి, రాసి, ధ్రువీకరించి పంపమన్నారు. ఇంతేనా అనుకున్నాను. మెడల్ ఇంట్లోనే ఉంది గదా.

పోయి మగ్గం నుంచి విప్పి కిటికీ దగ్గరికి తెచ్చి చూస్తే అంచు నున్నగా ఉంది. వేలితో తడిమితే చివర రెండు అంకెలు, పేరులో మొదటి అక్షరం మాత్రం తగిలాయి. సంగతేమిటంటే, ఏటా దసరాకు మా ఇళ్ళల్లో మగ్గం సామానంతా కడిగి పూజలో పెడతాం. నాడె, పన్నె, ఇనుప ముక్కలు, బరువు రాళ్ళు, ఏదీ వదలరు. మెడల్ మగ్గానికి కట్టి ఉంది కాబట్టి అదీ సామానే. పెద్దవ్వ పదకొండు దసరాలు చింతపండు, ఇటుక పొడి పెట్టి దాన్ని తళతళలాడేదాకా తోమింది. ఆమెకు చదువు రాదు. ఆ గీతలు అక్షరాలని తెలియదు. పండుగనాడు మొగుని బిళ్ళ అన్నిటికంటే ఎక్కువ మెరవాలని అన్నిటికంటే ఎక్కువసేపు తోమింది.

నేను నోరు జారి, అయ్యో నంబరు అరిగిపోయిందే అన్నాను. పెద్దవ్వ అక్కడే కూలబడింది.

"నా చేతులు ఇరగ. ఆయన పేరు నేనే తుడిచిపెట్టిన్నా బిడ్డా?"

పెద్దబాపు ఆమె పక్కన కూర్చున్నాడు. వాళ్ళిద్దరూ అట్లా పక్కపక్కన కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు.

"నువ్వు తోమకుంటే అది నల్లగై ఏ మూలకో పడిపోతుండె. ఫికర్ చెయ్యకు. ఆదిలాబాద్‌ల నా దోస్తు ఉన్నడు."

ఆ దోస్తు పేరు మేమెవరం వినలేదు. ఇద్దరూ ఒకే రోజు, ఒకరి వెనక ఒకరు వరుసలో నిలబడి మిలిటరీలో చేరారట, ఒకే ఓడలో పోయి వచ్చారట. నేను సెలవు పెట్టాను. ఆర్మూరులో బస్సు మారి నిర్మల్ దారి పట్టాం. సోన్ దగ్గర బస్సు గోదావరి వంతెన మీదికి రాగానే, వర్షాలకు నిండుగా ఉన్న నీళ్ళు చూసి పెద్దబాపు పదకొండేళ్ళ తర్వాత నోరు విప్పాడు. ఓడలో ఉప్పు గాలికి రొట్టె ఎట్లా మెత్తబడేదో, అక్కడి పిల్లలు వీళ్ళ తలపాగాలు, టోపీలు చూసి ఎట్లా వెంటపడేవాళ్ళో, నిర్మల్ దాకా చెబుతూనే ఉన్నాడు. నేను కిటికీలోంచి చూస్తున్నట్టు నటించాను, ఎక్కడ ఆపేస్తాడోనని.

ఆదిలాబాద్‌లో ఆయన దోస్తు ఒక జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర కాపలా ఉండేవాడు. మీసాల మీద, కనుబొమల మీద దూది నూగు. పెద్దబాపును చూసి లేచి నిలబడి సెల్యూట్ కొట్టి, తర్వాతే కావిలించుకున్నాడు. "బస్ భావు, బస్" అని తన స్టూల్ ఇచ్చి కూర్చోమన్నాడు. వాళ్ళ ఇంట్లో మరాఠీ. మా కోసం తెలుగు కలిపి మాట్లాడాడు. సంగతి విని, ట్రంకు పెట్టె అడుగు నుంచి తన మెడల్ తీశాడు. తోమినవాళ్ళు లేక అది కారు నల్లగా ఉంది. అంచు మీద ప్రతి అక్షరం మాత్రం నిన్న చెక్కినట్టు ఉంది. ఆయన నంబరు చివర అరవై నాలుగు. మా మెడల్ మీద మిగిలిన రెండు అంకెలు అరవై ఐదు.

ఆయన ముఖం చేటంత అయింది. "నా ఎనకాల నిలబడ్డది గీయనే. ఎక్కడ చెప్పమంటె అక్కడ చెప్త" అన్నాడు. మర్నాడు నోటరీ దగ్గర అఫిడవిట్ ఇచ్చాడు. ఇద్దరూ ఓడ మెట్ల మీద నిలబడి తీయించుకున్న ఫోటో కూడా చేతిలో పెట్టాడు. నేను రెండు మెడళ్ళ అంచుల మీద పలచటి కాగితం చుట్టి, పెన్సిల్‌తో రుద్ది అచ్చులు తీశాను. పుస్తకంతో పాటు అవన్నీ కలిపి పంపాం. బాసర హుండీలో వేసిన మెడల్ గురించి కూడా ఉన్నది ఉన్నట్టే రాశాను. అమ్మవారిని సాక్ష్యానికి పిలవలేం గదా.

ఆ తర్వాత ఎదురుచూపులే. ఇది పంపండి, అది పంపండి అని రెండు ఉత్తరాలు, మధ్యలో ఏ ఉత్తరమూ లేని ఏడాది. చివరికి ఒక రోజు పుస్తకం తిరిగి వచ్చింది. వెనక పేజీలో ఎర్ర సిరాతో ఒక వాక్యం, కింద ముద్ర. సముద్రం అవతల ఇన్నాళ్ళు పనిచేశాడు, ఈ రెండు పతకాలకు అర్హుడు అని. నేను తెలుగులో చెప్పాను. పెద్దబాపు విని తల ఊపాడు. పెద్దవ్వ మాత్రం మళ్ళీ చదవమంది. మూడోసారి కూడా చదివించుకుంది.

ఆ పంద్రాగస్టుకు ఆయన నీలం, తెలుపు నూలుతో తానే రెండు వేళ్ళ వెడల్పు పట్టీ నేసుకుని మెడల్ పెట్టుకున్నాడు. అదే మైదానం, అధికారి వేరు. పుస్తకం తిప్పి చూసి, మంచిది అని తిరిగి ఇచ్చేసి పక్క మనిషి దగ్గరికి పోయాడు. అంత మామూలుగా జరిగిపోయింది. ఆ మామూలుతనం కోసమే ఆయన అన్నేళ్ళు నోరు కుట్టుకున్నాడు. ఇంటికి వచ్చి కడుపునిండా తిని, మెడల్‌ను మళ్ళీ అంచు పోగులకు కట్టాడు. ఇప్పుడెందుకని నేను కసిరితే, "అంచు వదులైతుంది బిడ్డా" అన్నాడు. ఆ దసరాకు పెద్దవ్వ దాన్ని ముట్టనని భయపడితే, ఆయనే తెచ్చి చింతపండుతో సహా ఆమె ముందు పెట్టాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో మగ్గాలు లేవు. ఆ వీధిలో ఎక్కడా లేవు. ఉన్నచోట పవర్‌లూమ్‌ల చప్పుడే. పెద్దబాపు, పెద్దవ్వ ఒకరి వెనక ఒకరు పోయి చాలా కాలమైంది. ఎర్ర సిరా పుస్తకం, మెడల్ నా బీరువాలో ఉన్నాయి. మొన్న సెంటరు నుంచి వచ్చాక వాటిని తీసి చూస్తుంటే మనవరాలు మెడల్ చేతిలోకి తీసుకుంది. అరిగిన అంచు తడిమి, మిషన్ మీద నంబరు మళ్ళీ చెక్కించి తెస్తా, పది నిమిషాల పని అంది. వద్దు అన్నాను. అది చిన్నబుచ్చుకుంది. పెద్దబాపు నంబరు సర్కారు పుస్తకంలో ఎప్పటికీ ఉంటుంది. పెద్దవ్వ పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె ఉందని చెప్పేది ఆ నున్నటి అంచు ఒక్కటే.