సింహాచలం మాస్టారి చేతిలెక్క

తెల్లవారి మంచులో తడిసిన సున్నానికి ఒక వాసన ఉంటుంది. పరుగుపందెం గీతలు కొత్తగా పోసిన నేల మీద నిలబడితే ముక్కుకి ముందు అదే తగులుతుంది. రాజాం దగ్గర మా ట్రైనింగు కాలేజీలో ఈ ఉదయం కూడా అదే వాసన, పది అడుగుల అవతల ఏముందో తెలియనంత మంచు. కాబోయే డ్రిల్లు టీచర్లు నలభై మంది వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు నెంబర్లు పలికారు. అంతా అయ్యాక కూడా నేను వరస పొడుగునా నడిచి, ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ లెక్కపెట్టాను. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వుకోండి నాయనా, మీ వయసులో నేను ఇంతకంటే గట్టిగా నవ్వాను. ఈ చాదస్తం నాది కాదు, నాకు ఈ పని నేర్పిన సింహాచలం మాస్టారిది.

మాస్టారు పొట్టి మనిషి. మెడలో విజిలు, ఇస్త్రీ చెదరని తెల్ల ప్యాంటు, నవ్వు ఎరగని మొహం. ఆయన చెయ్యి మే నెలలో కూడా చల్లగా ఉండేది. భుజం మీద పడితే నాకు ఒళ్ళు జల్లుమనేది. నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది కాబట్టి మొదటి వారంలోనే అడిగేశాను, "తడిమి చూసుకోడానికి మేమేమన్నా మేకలమా మాస్టారూ?" అని. "మేకైతే తప్పిపోతే అరుస్తాది. పిల్లలు అరవరమ్మా. సెవితో కాదు, సేత్తో లెక్కెట్టు" అన్నారు. ఆ రోజంతా నన్ను అందరూ మేకా అనే పిలిచారు.

కారణం మా చదువు అయిపోయే ముందు ఆయనే చెప్పారు. చాలా ఏళ్ళ కిందట శ్రీకూర్మం అవతల సముద్రపు ఒడ్డున ట్రైనింగు కుర్రాళ్ళకి దూరప్పరుగు పెట్టారట. తిరిగొచ్చాక నెంబర్లు పలకమన్నారు. అన్ని నెంబర్లూ పలికాయి. పద్నాలుగు కూడా పలికింది. పంపించేశారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర పద్నాలుగో నెంబరు రమణ లేడని తెలిసింది. వెతికితే సరుగుడు తోటలో పడి ఉన్నాడు. పొద్దున్నే ప్రాణం పోయింది అన్నాడు డాక్టరు. మరి పలికిందెవరు? రమణ పక్కన నిలబడే పదిహేనో నెంబరు ఎర్రయ్య, వాడి ప్రాణస్నేహితుడు. స్నేహితుడి కోసం దొంగ నెంబరు పలికాడని మాస్టారు తేల్చేశారు. గంగమ్మ తోడు నాను కాదని ఎర్రయ్య ఏడ్చినా వినకుండా చావగొట్టి, ట్రైనింగులోంచే తీసేయించారు. "ఆడు నిజం ఒప్పుకుంటే సాలు, ఉంచేద్దును" అన్నారు మాస్టారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపమే ఉంది.

ఆ తర్వాత నెలకి కొత్తవలస దగ్గర ఒక ఆడపిల్లల బడిలో నాకు టీచింగు ప్రాక్టీసు పరీక్ష. మార్కులు వెయ్యడానికి వచ్చింది మాస్టారే. ఆ ఉదయం కూడా మంచు దట్టంగా పట్టింది. ముప్ఫై రెండు మంది పిల్లల్ని పక్కనున్న జీడితోట చుట్టూ పరిగెత్తించి తీసుకొచ్చాను. వరసలో నిలబెట్టి నెంబర్లు పలకమన్నాను. ఒక్కటీ తప్పకుండా ముప్ఫై రెండూ పలికాయి. పంతొమ్మిది మాత్రం కొంచెం బొంగురుగా వినిపించింది, జలుబేమో అనుకున్నాను. ఇక పంపేద్దామని విజిలు నోట్లో పెట్టుకుంటే మాస్టారు నా చేతులకేసి చూశారు. మార్కులు పోతాయన్న భయంతోనే, విసుక్కుంటూనే, భుజాలు తడుముతూ నడిచాను. పద్దెనిమిది తర్వాత నా చెయ్యి గాల్లోకి వెళ్ళింది. అక్కడ ఒక మనిషి పట్టేంత ఖాళీ. పక్కపిల్లలిద్దరూ ఆ ఖాళీని ఒత్తుకోకుండా నిలబడి ఉన్నారు.

జీడితోటలోకి ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. పంతొమ్మిదో నెంబరు గౌరి చెట్టు మొదట్లో ఊపిరాడక, పెదాలు నీలంగా మారి పడి ఉంది. ఎత్తుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇంకో పావుగంటైతే దక్కేది కాదన్నారు. పిల్ల కళ్ళు తెరిచాక బయటికొచ్చి గోడకి చేరబడి ఏడ్చాను. మాస్టారు నా పక్కకి వచ్చి మెల్లగా అడిగారు.

"పంతొమ్మిదని ఎవులు పలికినారమ్మా?"

"పిల్లలెవరూ కాదంటున్నారు మాస్టారూ. నాకూ అలాగే అనిపిస్తోంది. అది మగపిల్లాడి గొంతు."

ఆ బడిలో మగపిల్లలు లేరు. మాస్టారు అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. "అయితే ఎర్రయ్య కాదు" అన్నారు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఎర్రయ్య ఊరు వెళ్ళారు. ఒక్కరూ వెళ్ళడానికి ఆయనకి ధైర్యం చాలలేదు, ఆ మాట ఆయనే చెప్పారు. ఎర్రయ్య సముద్రపు ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. నలభై దాటినట్టున్నాయి. మాస్టారు వంగి అతని కాళ్ళు పట్టుకోబోతే గభాలున వెనక్కి జరిగాడు.

"తప్పు మేస్టారూ, అంత పని సెయ్యకండి. పలికినాది నాను కాదు. నా పక్క ఖాళీగానే ఉన్నాది. ఆ ఖాళీలోంచి పద్నాలుగు అని ఇనిపించినాది. సెప్దామంటే మీరు కర్ర ఎత్తేసినారు" అన్నాడు. కాస్త ఆగి, వలకేసి చూస్తూ, "నాదీ తప్పుంది. భయమేసి పదిహేను అనేసినాను. అనకుండా ఆగిపోయుంటే, ఆడ్ని ఎతుకుదుము" అన్నాడు.

మాస్టారు ఏడ్చారు. "ఇప్పుడేటి సెయ్యమంటావురా?" అని అడిగారు.

"నా నెంబరు ఓపాలి పిలవండి."

మాస్టారు కళ్ళు తుడుచుకుని ఎదురుగా నిలబడి, "నెంబర్!" అన్నారు. ఎర్రయ్య వల వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. వెంటనే పలకలేదు. కుడిపక్కకి తల తిప్పి ఎదురుచూశాడు. పక్కవాడు పలికాకే తను పలకాలి, డ్రిల్లులో పద్ధతి అది. ఒడ్డున మేం ముగ్గురమే. కాసేపటికి అతను తల ముందుకి తిప్పుకుని, "పదిహేను" అని గట్టిగా అన్నాడు.

మాస్టారు పోయి చాలా ఏళ్ళైంది. పిల్లలెవరైనా నమ్మలేని మాట చెబితే నేను ముందు కింద కూర్చుంటాను, ఆఖరిదాకా వింటాను. అది నా మంచితనం కాదు. ఆ రోజు ఒడ్డున ఎర్రయ్య పలకబోయే ముందు పద్నాలుగు నాకూ వినిపించింది.