గోనె కింది సీతాఫలాలు

మా వీధి మలుపులో పళ్ళమ్మే మామ్మ పోయిందని పక్కింటావిడ గోడ మీంచి చెప్పింది. ఏడుపు తర్వాతొచ్చింది. ముందు నాకు ఒళ్ళు మండింది. ఆ కబురు కూడా ఆవిడకే ముందు తెలియాలా?

మీకు నవ్వొస్తుందేమో. నా ఓర్వలేనితనం దాచిపెట్టి మామ్మ గురించి రాయడం నావల్ల కాదు.

ఆనందపురం అవతలి ఊరి నుంచి పొద్దున్నే గంపతో బస్సు దిగేది. ఏ కాలానికి ఆ పండు. సీతాఫలాల రోజుల్లో మాత్రం గంప మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. "పండుకి నోరు లేదని నొక్కీకండమ్మా. ఎప్పుడు తింటారో సెప్పండి, నాను ఏరి ఇత్తాను," అనేది. ఈ వేళకి అంటే ఒకటి, ఎల్లుండికి అంటే ఇంకోటి ఏరేది. సరిగ్గా ఆ రోజుకే పండేది. ఇన్నేళ్ళలో ఆవిడ చెయ్యి తప్పడం నేను చూళ్ళేదు.

పక్కింటావిడొస్తే ఆ ప్రశ్నే లేదు. గంప పక్కనున్న గోనె ఎత్తి, దాని కింద నుంచి నాలుగు తీసి సంచిలో వేసేది. మేం గోదావరి వైపు నుంచి పోర్టు ఉద్యోగానికొచ్చిన వాళ్ళం. మామ్మదీ పక్కింటావిడదీ ఒకటే యాస. మంచివన్నీ తనవాళ్ళకి దాచిపెడుతోందని కుమిలిపోయాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, "ఆ కిందవి నాకివ్వు మామ్మా."

"అయి మీకొద్దమ్మా," అని నవ్వేసింది.

కొన్నాళ్ళకి, పక్కింటావిడ అత్తగారు మంచం పట్టారంటే చూడ్డానికెళ్ళాను. పక్కింటావిడ అప్పుడే ఆ గోనె కింది పళ్ళు విప్పుతోంది. మెత్తబడి పగిలిపోయినవి, ఇంకెవరూ కొననివి. గింజలు తీసి, గుజ్జు చెంచాతో నోట్లో పెడుతోంది. పెద్దావిడకి మింగుడుపడేది అదొక్కటేనట.

అప్పుడైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు. ఆ ఇంట్లో మంచం సంగతి అంత పట్టించుకున్న మనిషి, మా ఇంటి సంగతి ఒక్కనాడూ అడగలేదేమని ఇంకా ఉడుక్కున్నాను.

పోయిన సీతాఫలాల కాలంలో మా ఆయనకి పక్షవాతం వచ్చి మూతి ఒక పక్కకి లాగేసింది. నేను వీధిలో ఎవరికీ చెప్పుకోలేదు. సంచి పట్టుకుని వెళ్తే మామ్మ నా మొహం చూసింది. ఎలా పసిగట్టిందో, ఎప్పుడు తింటారని అడగలేదు. గోనె ఎత్తింది.

"అయ్యగారికి గింజలు తీసి పెట్టండమ్మా. మెల్లగా తింటారు."

అన్నేళ్ళూ ఆశపడ్డ పళ్ళు సంచిలో పడ్డాయి. నా వెనకాలే వచ్చినామె ఎల్లుండికని గట్టి కాయలు అడుగుతోంది. గట్టి కాయలు అడగగలిగిన ఆమెని చూసి నేను ఏడ్చినంతగా పక్కింటావిడని చూసి కూడా ఏనాడూ ఏడవలేదు. మామ్మకి మాత్రం ఆ రోజు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టకుండానే వచ్చేశాను.

ఈ వారం ఆ మలుపులో ఎవరో కొత్తతను సీతాఫలాల బండి పెట్టాడు. "నొక్కి సూసుకోండమ్మా, పర్లేదు," అన్నాడు. ఒక పండు మీద బొటనవేలు ఆనించాను. నొక్కలేకపోయాను.