రాహేలవ్వ తోలు పిడి

తోలును గాజు పెంకుతో గీస్తే ఒక వాసన వస్తుంది. తడిసిన చెప్పు వాసన కాదు, కొత్త బూటు వాసనా కాదు. ఎండలో ఆడి వచ్చిన పిల్లవాడి నెత్తి వాసనకు కొంచెం దగ్గరగా ఉంటుంది. ఈ పొద్దున ఒక ఉలికి వేసిన తోలు పిడిని నునుపు చేస్తుంటే అదే వాసన ముక్కుకు తగిలింది. నారాయణఖేడ్ బస్ డిపో బయట, ఆటోవాళ్ళు కల్హేర్, కంగ్టి అని కేకలు పెట్టే మూలన, నల్ల గొడుగు కింద చెప్పులు కుడుతూ కూర్చునే రాహేలవ్వ గుర్తొచ్చింది. ఆమెను మీరు చూసి ఉండరు. చూసినా చెప్పు కుట్టించుకుని మీ దారిన మీరు వెళ్ళిపోయి ఉంటారు. నేనూ అలా వెళ్ళిపోవాల్సినవాణ్ణే.

అదే ఊళ్ళో మాది వడ్రంగి ఇల్లు. నాన్న చేయి తిరిగిన పనివాడని చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒప్పుకున్న మాట. నాకేమో ఇరవై నాలుగేళ్ళు వచ్చినా చేయి తిరగలేదు. తీగ చెక్కితే వంకర పోయేది, తామరపువ్వు చెక్కితే గోబి పువ్వు అయ్యేది. కంగ్టిలో ఒక ఇంటి సింహద్వారం పని ఒప్పుకున్నప్పుడు నేను ఒక మంచి టేకు పలకను పాడుచేశాను. నాన్న తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పలకను గోడకు ఆనించి మెల్లగా అన్నాడు: "దసరా దాక చూస్త. గప్పటికి చెయ్యి తిరగకపోతే పట్నం పో. ఏదన్న బిల్డింగుల వాచ్‌మన్ పని జేస్కో." నాకు తెలిసింది ఉలి ఒక్కటే, ఇష్టమైనదీ అదొక్కటే. అది వదిలేస్తే నేనేమిటో నాకే తెలియదు.

ఆ రోజుల్లోనే చెప్పు తెగి రాహేలవ్వ దగ్గర ఆగాను. చెప్పు అందించబోతే ఆమె చెప్పును కాదు, నా అరచేతిని చూసింది.

"ఏంది బిడ్డా గా బొబ్బలు?"

"ఉలి పని అవ్వా."

"పని జేస్తే కాయలు గాస్తయ్, బొబ్బలు రావు. పిడి నీది గాదు. ఎవలిది?"

"మా నాయినది."

"గదీ సంగతి. ఆయన చేతికి అరిగిన పిడి నీ చేతికి ఎట్ల సరిపోతది?"

తన ఆరె తీసి చూపించింది. చెప్పులు కుట్టే ఆ సూదికి చెక్క పిడి లేదు. పారేసే తోలు ముక్కలను బిళ్ళలుగా కోసి, నడుమ బెజ్జం పెట్టి, సులోషన్ జిగురు రాసి ఒకదాని మీద ఒకటి గుచ్చి, గట్టిగా బిగించి, ఆరాక చెక్కిన పిడి అది. నలుపు, ఎరుపు, గోధుమరంగు చారలు. ఆమె గుప్పిట్లో వేళ్ళ మధ్య కొంచెం కూడా సందు లేదు. నాకూ ఒకటి చేస్తానంది. పక్క హోటల్ నుంచి పూరీ పిండి ముద్ద తెప్పించి నా ముందు పెట్టింది. "ఉలి పట్టినట్టే పట్టి పిసుకు," అంది. పిసికాను. ఆ ముద్ద మీద పడిన గుర్తులు చూసుకుంటూ మూడు రోజులు కూర్చుని పిడి చేసింది. "ఇగో, ఇది ఎవనిదో బెల్టు, ఇది ఒక సార్ బూటు, ఇది పెండ్లిల తెగిన చెప్పు," అని బిళ్ళ బిళ్ళకూ ఊరూ పేరూ చెప్పింది.

నాన్న ఆ ఉలిని చూసి మొహం తిప్పుకున్నాడు. "దసరాకు పీట మీద పెట్టి మొక్కే పనిముట్టురా అది. దానికి తోలు తొడుగుతవా?" నేను మా పని షెడ్డు వెనక దాక్కుని పనిచేశాను. బొబ్బలు పోయాయి. తీగ మాత్రం వంకరగానే వచ్చింది. నా బతుకింతే అనుకున్నాను.

మళ్ళీ డిపో దగ్గరికి వెళ్ళి, పిడి బాగుందని అబద్ధం చెప్పాను. పెద్దమనిషి కష్టపడి చేసిందాన్ని బాగాలేదని ఎలా అంటాం? ఆమె కుట్టిన దారం కొరుకుతూ నా మొహం వంకే చూస్తోంది. అంతలో గాలికి గొడుగు ఊగి, పైన వేలాడదీసిన చెప్పు ఊడిపడింది. నేను చటుక్కున ఎడమ చేత్తో పట్టుకున్నాను. రాహేలవ్వ దారం కొరకడం ఆపేసింది.

"నువ్వు పుర్రచెయ్యోనివా?"

"చిన్నప్పుడవ్వా. మా నాయిన కొట్టి మాన్పించిండు."

"మరి పిండి కుడి చేత్తోనెందుకు పిసికినవ్?"

"తినే పిండి గదా. ఎడమ చేత్తోని ముడుతమా?"

ఆమె నవ్వింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా తిరిగి చూసేలా, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "తప్పు నాదే బిడ్డా. తినేది ముంగట వెట్టి చెయ్యి నడిగితే, చెయ్యి మర్యాద జూపియ్యక ఏం జేస్తది?" అని లేచి, నల్లా కింద బురదమట్టి పిడికెడు తెచ్చి నా ముందు నేల మీద పెట్టింది. "ఇది తినేది గాదు. ఇప్పుడు పిసుకు," అని అటు తిరిగి కూర్చుంది. ఎన్నేళ్ళ తర్వాతో నా ఎడమ చెయ్యి భయం లేకుండా ముందుకొచ్చింది. చెప్పడానికి సిగ్గేమీ లేదు, నాకు ఏడుపొచ్చింది.

రెండో పిడి చేతికిస్తూ ఆమె అన్న మాట నేను మరిచిపోలేదు. "మీ ఇంట్ల ఎడమ చెయ్యికి తావు లేదు, తోలుకు తావు లేదు. రెండూ కలిసి మీ ఇంట్లకు పోతున్నయ్. ఏమైతదో సూద్దాం."

ఏమైందంటే, తీగ తీగలాగే వచ్చింది. పాడైనదాని బదులు ఇంకో పలక తీసి నాలుగు రోజుల్లో పూర్తిచేశాను. నాన్న ఎప్పుడొచ్చి వెనక నిలబడ్డాడో తెలియదు. వంగి, తామరరేకు అంచు మీద బొటనవేలు నడిపాడు. తర్వాత ఉలి ఏ చేతిలో ఉందో చూశాడు.

"గా చెయ్యిని నేనే గదరా కొట్టింది," అన్నాడు. "తక్కిన పలకలు గూడ నువ్వే జెయ్."

దసరా నాడు పనిముట్లన్నీ కడిగి పీట మీద పేర్చాం. నా ఉలిని నేనే తీసి పక్కన పెట్టాను, పండుగ పూట గొడవెందుకని. నాన్న దాన్ని తెచ్చి పీట నడుమ పెట్టి, తోలు మీదే కుంకుమ బొట్టు పెట్టాడు. సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని డిపో దగ్గరికి నడిచాడు. వెనక నేను. రాహేలవ్వ చర్చికి పోయే మనిషి. అయినా ఆ ఆకును రెండు చేతులా తీసుకుంది. నాన్న "నాకు గూడ ఒక పిడి జెయ్యక్కా," అన్నాడు. మా ఊరి రోడ్డు మీద అంత గర్వంగా నేను అంతకుముందెన్నడూ నిలబడలేదు. ఆమె మాత్రం ఎప్పటిలాగే మట్టి కోసం నల్లా దగ్గరికి పోయింది.

ఆ తర్వాత ఆమె దగ్గరే కూర్చుని పిడి పని నేర్చుకున్నాను. ఆమె పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు మా షెడ్డులో తలుపులు ఒకవైపు, తోలు ముక్కల బస్తాలు ఒకవైపు. శిల్పాలు చెక్కేవాళ్ళు, వెండి పనివాళ్ళు పిడి కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఈ పొద్దున కంగ్టి వైపు నుంచి వెండి మీద నగిషీ చెక్కే అమ్మాయి ఒకతి వచ్చింది. బల్ల మీద మట్టి ముద్ద పెట్టాను. చేతికివ్వను. చేతికిస్తే కుడిచెయ్యే చాపుతారు, అది మన పెంపకం.

"ఏ చేత్తోని పిసకాలె అన్నా?" అని అడిగింది.

"నన్ను అడగకు చెల్లె. పని జేసే చెయ్యికి తెలుసు," అని అటు తిరిగాను.

మట్టి నలిగిన చప్పుడు వినబడ్డాకే ఇటు తిరిగాను. వేళ్ళ గుర్తులు ఏ చేతివో చూసుకుని, బస్తా విప్పి తోలు ముక్కలు ఏరడం మొదలుపెట్టాను.